ఇసుక కింది నీలం

చాకలి బుచ్చవ్వ ఆరేసిన ధోవతిని బండ మీది నుంచి లాగి, రెండు చేతులా పట్టి సాంబయ్య ముఖం ముందు చాపింది.

"నీలిమందు పెట్టలే సాంబయ్యా, నా కండ్ల మీద ఒట్టు. ఉడికిచ్చిన, బండకేసిన, జాడిచ్చిన, ఆరేసిన. గంతే. తడిగున్నప్పుడు తెల్లగనే ఉండె. ఆరుకుంట ఆరుకుంట గిట్లయింది."

మిట్టమధ్యాహ్నపు ఎండలో ధోవతి అంచు నుంచి నడిమి దాకా నీలం పాకి ఉంది. మరక కాదది. మరకకు ఒక మొదలూ ఒక చివరా ఉంటాయి. ఇది లోపలి నుంచి ఊరినట్టుంది.

"కాముని పున్నమి పోయి వారం కాలే. పోరగాండ్లు ఎవలో రంగు కలిపి ఉంటరు," అన్నాడు సాంబయ్య.

"రంగుల మేస్త్రివి, నువ్వే గా మాటంటివా! పోరగాండ్ల రంగయితే ఒక్క జాడింపుకు దిగుతది. దీన్ని మూడు మాట్ల ఉతికిన. ఉతికినకొద్ది ముదురుతుంది. ఇది పటేలు ధోవతి. ఇట్లనే పట్కపోతే నా వీపు గూడ నీలమయితది."

సాంబయ్య ధోవతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాగునీటి వాసన, సబ్బు వాసన, వాటి అడుగున ఎక్కడో సన్నగా కుళ్లిన గుడ్డు వాసన. ఏమీ తెలియనట్టు మడిచి ఇచ్చేశాడు.

"మల్లోపారి ఉతుకు," అన్నాడు.

"ఉతుకుత. చేతులు నీయా, నాయా!" అని గొణుక్కుంటూ బుచ్చవ్వ మళ్లీ నీళ్లలోకి దిగింది.

నిజానికి నీలి చేతులంటే ఆ పేటలో సాంబయ్యవే. ముప్ఫై ఏళ్లుగా నూలుకు రంగులద్ది మోచేతుల దాకా ఒకటే నీలం. పెళ్లయిన కొత్తలో భార్య ఐలవ్వ ఆ చేతుల్ని చూసి బెదిరిందట. ఇప్పుడు చీకట్లో దీపం తెమ్మంటే, "నీ చెయ్యి ఏడున్నదో నాకు కనవడ్తలేదు, నువ్వే తెచ్చుకో," అంటుంది.

మెట్‌పల్లి నుంచి ధర్మపురి పోయే తోవలో ఉంటుంది పేట. సాలెవాడే ఊరిలో సగం. మర మగ్గాలు వచ్చాక రంగు నూలుకు గిరాకీ పెరిగి మూడు రంగుల షెడ్లు లేచాయి. మూడూ తుమ్మలవాగు ఒడ్డునే. అన్నిట్లో పెద్దది, నీలం అద్దేది కైలాసం సేటుది. దానికి మేస్త్రి సాంబయ్య. మూడు షెడ్ల మురుగు మోరీలూ నేరుగా వాగులో పడేవి. సోమవారం వాగు ఎర్రగా పారితే, మంగళవారం నల్లగా పారేది. వాగును చూసి వచ్చే అంగడికి ఏ రంగు చీరలొస్తాయో చెప్పవచ్చని జనం పరాచికాలాడేవారు. దూడలు రెండు నురుగులు కక్కి చచ్చాక, సాలెవాడ పిల్లల కాళ్లకు మానని పుండ్లు లేచాక పరాచికాలు ఆగిపోయాయి.

అప్పుడే బల్దియా వారు దేవదాసును వేరే ఊరి నుంచి తెచ్చి, ఊరి శుభ్రత చూసే సఫాయి సారుగా వేశారు. మెథడిస్టు మిషను బడిలో చదువుకున్నవాడు. ఎప్పుడూ సంచిలో నాలుగు గాజు సీసాలు, చంకలో గొడుగు. మూడు షెడ్లకూ తాకీదులిచ్చాడు. ప్రతి షెడ్డూ సొంత జాగాలో మూడు గుంటలు తవ్వాలి. మొదటి గుంటలో మడ్డి కూర్చోవాలి, రెండో దాంట్లో సున్నం పడాలి, మూడో దాంట్లో బొగ్గూ ఇసుకా పరవాలి. మిగిలిన నీరు సొంత నేల మీదే ఇంకాలి. ఒక్క చుక్క వాగులోకి పోయినా షెడ్డుకు తాళం.

రెండు షెడ్లవారు తిట్టుకుంటూ తవ్వారు. కైలాసం సేటు మాత్రం గుంటలు తవ్వాల్సిన జాగాలో నాలుగు మర మగ్గాలు వేద్దామని ఎప్పుడో ముగ్గు పోసి పెట్టుకున్నాడు. పగలంతా ఆ ముగ్గు చుట్టే తిరిగేవాడు. ఆ బాధ చూడలేక ఉపాయం చెప్పింది సాంబయ్యే.

"వానకాలం వాగెట్ల వస్తది సేటూ? ఎర్రమన్ను, పేడ, పీనుగులు, అన్ని మోసుకొస్తది. ఎండకాలం అదే వాగుల చెలిమె తీస్తే? కొబ్బరినీళ్లు! ఎవలు కడిగిన్రు? ఇసుక కడిగింది. మూడు గుంటలెందుకు, దేవుడే కోసెడు పొడుగు జల్లెడ పరిచి పెట్టిండు. మన నీళ్లు వాగు మీద గాదు, ఇసుక కింద ఇడుద్దాం."

అతడు మోసం అనుకుని చెప్పలేదు. తాతల నాటి నుంచి ఆ ఇసుకను తోడుకుని తాగినవాడు గనక నమ్మి చెప్పాడు. వేసవిలో బావులు ఉప్పెక్కితే పేట మొత్తానికీ చెలిమెలే దిక్కు. ఇసుకలో మోకాలి లోతు గుంట తీస్తే తేటగా ఊరే నీరు. ఆ ఇసుకను అనుమానించడమంటే కన్నతల్లి పాలను అనుమానించడమే.

కార్తీక పున్నమికి ఊరంతా బండ్లు కట్టుకుని ధర్మపురికి గోదావరి స్నానానికి పోయిన మూడు రోజుల్లో పని అయిపోయింది. కుమ్మరి గొట్టాలు ఒకదానిలో ఒకటి దూర్చి, నిలువెత్తు లోతున, షెడ్డు గోడ కింది నుంచి వాగు నడిమి దాకా వేశారు. పైన ఇసుక సదిరారు. పాత మోరికి బండ పెట్టి, సిమెంటు మెత్తి, పెరట్లో ఒక మూల మాటవరసకు మూడు అరల చిన్న గుంట ఒకటి తవ్వి దేవదాసును పిలిచారు.

దేవదాసు గుంటలోకి తొంగి చూశాడు. "పొడిగున్నదేంది?"

"నేల తాగుతుంది సారూ," అన్నాడు సాంబయ్య.

దేవదాసు వాగులో దిగి సీసా ముంచి ఎండకు ఎత్తి పట్టాడు. నీరు అద్దంలా ఉంది. సీసాలోంచి అతని కన్ను పెద్దదిగా, సంతోషంగా కనిపించింది. గట్టెక్కి వచ్చి సాంబయ్య నీలి చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు.

"మేస్త్రీ, నా ఎనిమిదేండ్ల నౌకరిల తిట్టకుంట మాటిన్న షెడ్డు ఇదొక్కటే. ప్రభువు నిన్ను సల్లగ సూడాలె."

ఆ చెయ్యి విడిపించుకోవడానికి సాంబయ్యకు చాలాసేపు పట్టినట్టనిపించింది.

అప్పటి నుంచి వాగు తేటబడింది. ఎంత తేటబడిందంటే, అడుగున రాళ్లు లెక్కపెట్టవచ్చు. ఊరంతా మురిసింది. ఆ తేటలో ఏమి లేదో మాత్రం ఎవరూ చూడలేదు. బెదిరితే చెదిరే చిన్న చేపపిల్లలు లేవు. నీటి మీద నడిచే పురుగులు లేవు. మాఘంలో ఒక పొద్దుట సాంబయ్యకు హఠాత్తుగా తెలిసివచ్చింది, కప్ప అరుపు విని ఎన్నాళ్లయిందో తనకు గుర్తులేదని. గేదెలు నీటి అంచు దాకా వచ్చి, మూతి దించి, ఊపిరి ఒకటి వదిలి వెనక్కి మళ్లుతున్నాయి.

బుచ్చవ్వ ధోవతి చూపించిన మర్నాడు, తెల్లవారుతూండగా, చెంబు పట్టుకుని సాంబయ్య వాగులోకి దిగాడు. మంచు ఇంకా విడలేదు. నడిమి పాయ దగ్గర ఇసుక మెత్తగా దిగబడుతోంది. పని ముగించుకుని చెంబు కడుక్కుని నిలబడితే, మెడ వెనుక ఎవరో ఊదినట్టయింది. తిరిగి చూశాడు.

ఎవరూ లేరు. వచ్చిన తోవ పొడుగునా తన అడుగులే ఉన్నాయి. ఒక్కో అడుగులో నీరూరి ఉంది. అల్లంత దూరాన, మొదట వేసిన అడుగులు నీలంగా ఉన్నాయి. దగ్గరివి ఇంకా తెల్లగా ఉన్నాయి. చూస్తుండగానే తెల్లవాటిలో ఒకటి నీలమయింది. తర్వాత దాని ముందున్నది. తర్వాత ఇంకోటి. ఎవరో కనిపించని మనిషి అతడు నడిచిన చోటే నడుస్తూ, తొందర లేకుండా, అతని వైపే వస్తున్నట్టు.

చెంబు అక్కడే వదిలేసి మునివేళ్ల మీద ఉరికాడు. గట్టెక్కి ఒక తుమ్మచెట్టును పట్టుకుని నిలబడ్డాక గానీ ఊపిరి తిరగలేదు. ఊపిరి తిరిగాక తెలివి తిరిగింది. తెలివి తిరిగాక భయం రెండింతలయింది.

ఇది దయ్యం కాదు. ఇది తన తొట్టి.

నీలిరంగు గుణం వేరు. సోడా పోసి, కుళ్లిన గుడ్డు వాసన వేసే మందు కలిపి కాచిన తొట్టిలో అది నీలంగా ఉండదు, చిలుకపచ్చగా పలచగా ఉంటుంది. తెల్లనూలు ముంచి తీస్తే పచ్చగానే వస్తుంది. గాలి తగలాలి. గాలి తగిలిన కొద్దీ నీలం పుడుతుంది. 'రంగు తొట్టిల పుట్టదురా, గాలిల పుడుతది,' అనేవాడు సాంబయ్యకు పని నేర్పిన ముసలి మేస్త్రి. ఇసుక కింద గాలి లేదు. నాలుగు నెలలుగా పోసిందంతా అక్కడ, చీకట్లో, తేటగా, పాడుకాకుండా, గాలి కోసం ఎదురుచూస్తూ పడి ఉంది. ఇసుక ఏదీ కడగలేదు. దాచిపెట్టింది.

చెంబు కోసం మళ్లీ దిగే ధైర్యం రాలేదు. పొద్దెక్కేసరికి, వచ్చిన అడుగులు నీరూరి కరిగిపోయి అతడు ఉరికిన మునివేళ్ల గుర్తులే మిగిలిన చోట, ఆ చెంబు పక్కన సాలెవాడ ఆడవాళ్లు పసుపు చల్లుతున్నారు.

"ఆడమనిషి అడుగులు," అంటోంది బుచ్చవ్వ, వచ్చినవారికల్లా చెబుతూ. "సూడుండ్రి, సన్నగ. మడిమెలు లేవు. మడిమె ఆనకుంట నడిచింది తల్లి. చెంబు గూడ పెట్టిపోయింది. గంగమ్మ వచ్చింది. నా ధోవతి మీద మొదలు సైగ చేసింది, నాకే తెల్వలే!"

సాంబయ్య గుంపు వెనుక నిలబడి తన చెంబుకు కుంకుమ బొట్టు పెట్టడం చూశాడు. తిన్నగా కైలాసం సేటు దగ్గరికి పోయాడు.

సేటు కొత్త మర మగ్గానికి నూనె వేయిస్తున్నాడు. అంతా విని చెవిలోంచి పుల్ల తీశాడు.

"మొక్కనియ్యి. పసుపు సల్లితే మనకేం పోయింది?"

"ఈ యేడు చెలిమె ఆడనే తీస్తమంటున్రు సేటూ. తల్లే జాగ చూపెట్టిందట. గొట్టం మూతి సరిగ్గ ఆడనే ఉన్నది."

"తియ్యనీ. ఇసుక వడగడుతదని చెప్పినోనివి నువ్వే గదనయ్యా?"

సాంబయ్య తన నీలి చేతుల వంక చూసుకున్నాడు.

"అయినా ఎవలకు చెప్తవు? నీళ్లను నేల తాగుతుందని దేవదాసుతోని అన్నది నేనా, నువ్వా? షెడ్డు మూతవడితే మొదలు నీ పొయ్యి ఆరుతది. నీ ఎనుక ఇంకో నలభై పొయ్యిలు. బిడ్డ కాన్పుకొచ్చింది, జెర సోయి తెచ్చుకో."

బిడ్డ కాన్పుకు వచ్చిందన్న మాటే సాంబయ్యను ఇంటి దాకా తరిమింది. కూతురు శంకరవ్వకు ఏడో నెల. మెట్‌పల్లిలో ఇచ్చారు, తొలిచూలు. గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చుంటే ఐలవ్వ జడ వేస్తోంది.

"ఇనవడ్డదా? ఈ యేడు చెలిమె మన పొల్లనే తీస్తది," అంది ఐలవ్వ. "వాడకట్టుల ఇప్పుడు ఇంకో చూలాలు లేదు. దీన్ని మోసినప్పుడు నేను తీసిన. ఇప్పుడిది తీస్తది."

సాలెవాడ కట్టుబాటది. ఏటా తొలి చెలిమెలో తొలి దోసిలి చూలాలిదే. దోసిట్లో నీళ్లు పట్టుకుని, తనకు ముందు చెలిమె తీసిన ఆడవాళ్ల పేర్లన్నీ వరసగా చెప్పాలి. అందరినీ తలుచుకున్నాక తాగాలి. ఆమె తాగందే ఊరు తాగదు. చూలాలు తాగిన చెలిమె ఎండదని వారి నమ్మకం.

"వద్దు," అన్నాడు సాంబయ్య.

"ఏంది వద్దు?"

"పాణం బాగలేదని చెప్పు. కాళ్లకు నీరు దిగిందని చెప్పు."

"ఎందుకె బాపు? నాకేమైంది? రాయి తిన్నా అరిగేటట్టున్న," అని శంకరవ్వ నవ్వింది.

"ముసలితనానికి మతి పోయింది మీ బాపుకు," అంది ఐలవ్వ. "పొయ్యి కాడి పొగ నెత్తికెక్కింది. గంగమ్మ నడిచొచ్చి చెయ్యి చాపితే, కాళ్లకు నీరు దిగిందని చెప్పాల్నట! ఎందుకో చెప్పు, గప్పుడింట."

ఎందుకో చెబితే అయిపోయేది. సాంబయ్య భార్య ముఖమూ బిడ్డ కడుపూ చూశాడు. నలభై పొయ్యిలు గుర్తొచ్చాయి. తన చేతిని పట్టుకున్న దేవదాసు రెండు చేతులూ గుర్తొచ్చాయి. "ఊకెనే అన్న," అని పెరట్లోకి పోయాడు. వాళ్లు చెలిమె తవ్వేటప్పుడే నీలం కనిపిస్తుంది, కనిపిస్తే ఎవరూ తాగరు, తాను నోరు విప్పకుండానే గండం గడుస్తుందని తనకు తానే చెప్పుకున్నాడు.

బేస్తవారం పొద్దున ఊరంతా వాగులో ఉంది. డప్పులు ఆగాయి. కైలాసం సేటు కొబ్బరికాయలు పంపి, తానూ వచ్చి గొడుగు కింద నిలబడ్డాడు. నీళ్ల జాగా గనక దేవదాసు కూడా సంచితో వచ్చి ఒక పక్కన నిలుచున్నాడు. పసుపు చల్లిన అడుగుల దగ్గర ముసలమ్మలు చేతులతో ఇసుక తోడారు. జానెడు. మూరెడు. మోకాలి లోతు.

నీరూరింది. తెల్లగా, తేటగా, లేత కొబ్బరినీళ్లలా ఒక్క పిసరు పచ్చతనంతో. నీలం జాడ లేదు.

సాంబయ్య మెడ చాచి చూశాడు. ఆ పచ్చతనం ఊరిలో ఇంకెవరికీ తెలియదు. అది అతడు రోజూ పొద్దున మూత తీసి చూసే పచ్చతనం.

"ఎంత సక్కని నీళ్లే!" అన్నారెవరో.

శంకరవ్వ వంగలేక వంగి, మోకాళ్ల మీద కూర్చుని, దోసిలి ముంచింది. పైకెత్తి పేర్లు మొదలుపెట్టింది.

"లచ్చవ్వ. పోసవ్వ. పెద్ద ఎల్లవ్వ. నర్సవ్వ..."

వాగులో పక్షి లేదు, కప్ప లేదు. చచ్చినవారి పేర్లూ బతికున్నవారి పేర్లూ ఒక్కొక్కటే నీటి మీద పడుతున్నాయి. సాంబయ్య ఆమె చేతులనే చూస్తున్నాడు. తొట్టిలోంచి నూలు తీశాక ఎంతసేపటికి రంగు తిరుగుతుందో అతని నెత్తురుకు తెలుసు.

"...మల్లవ్వ. సాయవ్వ. చిన్న ఎల్లవ్వ..."

బొటనవేళ్ల అంచున, నీరు గాలికి తగిలే చోట, వెంట్రుకంత గీత పడింది.

"...రాజవ్వ. మా అవ్వ ఐలవ్వ..."

గీత మధ్యకు పాకింది. అరచేతుల రేఖల్లోకి దిగింది. దోసిలి మొత్తం, కన్ను తెరిచినట్టు, నీలమయింది.

ముందు కూర్చున్న ఆడవాళ్లు ఒక్కసారిగా ఇసుకలో సాగిలపడ్డారు. బుచ్చవ్వ తల విరబోసుకుని ఊగిపోయింది. "తల్లి చేతులకొచ్చింది! తాగు బిడ్డా, తాగు! కడుపుల దీపం పెడుతది!"

శంకరవ్వ కళ్లు పెద్దవయ్యాయి. భయపడింది. కానీ భయపడ్డందుకే దోసిలిని ఇంకా భక్తిగా నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"తాగకు!"

ఆ అరుపు తనదేనని సాంబయ్యకు తర్వాత తెలిసింది. ఉరికి వెళ్లి బిడ్డ చేతుల మీద చాచి కొట్టాడు. నీళ్లు చెదిరి పక్కవాళ్ల చీరల మీద పడ్డాయి. ఊరు ఊరంతా ఒక్క గొంతుతో కసిరింది. ఎవరో అతని మెడ పట్టుకున్నారు.

"గంగమ్మ గాదు! నేను!" అని అరిచాడు. "ఇయ్యి నా తొట్టి నీళ్లు! నేనే పోసిన. నాలుగు నెల్ల సంది ఇసుక కింద పోస్తున్న. నా చేతులు సూడుండ్రి, గా నీళ్లు సూడుండ్రి!"

"పాపం, మేస్త్రికి పిచ్చి లేసింది. తోల్కపోండ్రి," అన్నాడు గొడుగు కింది నుంచి కైలాసం సేటు.

సాంబయ్య తల రుమాలు ఊడదీశాడు. తెల్లది. చెలిమెలో ముంచి పైకి తీసి రెండు చేతులా చాచి పట్టాడు. పచ్చగా ఉంది. "ఇప్పుడు పేర్లు సదువు బిడ్డా. మొదటి నుంచి."

శంకరవ్వ చదివింది. లచ్చవ్వ. పోసవ్వ. పెద్ద ఎల్లవ్వ. రాజవ్వ దగ్గరికి వచ్చేసరికి రుమాలూ అతని చేతులూ ఒకే రంగయ్యాయి. ఏది గుడ్డో ఏది తోలో తెలియనట్టు.

అప్పటికీ సగం మంది దండాలు పెడుతూనే ఉన్నారు. దేవదాసు మాత్రం గొడుగు పడేసి ఇసుకలోకి దిగాడు. సాంబయ్య ముఖం చూడలేదు. "ఏడ?" అన్నాడు.

ఇద్దరూ కలిసి తవ్వారు. నిలువెత్తు లోతున గొట్టం మూతి తేలింది. అందులోంచి పచ్చటి నీరు ఒక గుక్క వచ్చి ఆగింది, మళ్లీ ఒక గుక్క, ఎవరో పడుకుని ఊపిరి తీస్తున్నట్టు. అది గాలికి నీలంగా మారడం ఊరంతా చూసింది. కైలాసం సేటు గొడుగు అప్పటికే గట్టెక్కింది.

గొట్టాలు పగలగొట్టారు. షెడ్డుకు తాళం పడింది. నాలుగు మర మగ్గాలు వేయాల్సిన జాగాలో మూడు గుంటలు తవ్వాకనే తాళం తీశారు. దేవదాసు వారానికోసారి వచ్చి గుంటల్లో స్వయంగా కర్ర దించి చూసేవాడు. సాంబయ్యతో మాట్లాడేవాడు కాదు. కొత్త మేస్త్రి వచ్చాడు. సాంబయ్య మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని మళ్లీ నేత మొదలుపెట్టాడు. షెడ్డు మూసిన రెండు నెలలు పస్తులున్నవాళ్లు అతణ్ని తిట్టారు. నీళ్లు పాడు చేసినందుకు కొందరు తిట్టారు. అన్నిటికంటే ఎక్కువగా తిట్టింది బుచ్చవ్వ, వచ్చిన తల్లిని వెళ్లగొట్టాడని.

శంకరవ్వకు కొడుకు పుట్టాడు. గట్టిగా ఏడ్చాడు. ఒక్క గుటక కూడా మింగలేదని ఆమె నూరుసార్లు చెప్పింది, సాంబయ్య నూరుసార్లు అడిగాడు. ఆమె అరచేతుల రేఖల్లో మాత్రం సన్నటి నీలం చాలా నెలలు నిలిచిపోయింది. సాంబయ్య వేసిన రంగు అంత తొందరగా దిగదని పేటలో పేరు.

మూడేళ్లు ఎగువ ఊరి నుంచి నీళ్లు మోసుకున్నారు. మూడేళ్లూ వేసవి రాగానే సాంబయ్య ఒక్కడే వాగులో దిగి, గుంట తీసి, తెల్లనూలు ముంచి చూసి, ఏమీ అనకుండా గుంట పూడ్చి వచ్చేవాడు. వంచిన తల చూసి ఊరికి తెలిసిపోయేది.

నాలుగో వేసవిలో ఒక కప్ప అరిచింది. సాలెవాడ మళ్లీ చెలిమె దగ్గర చేరింది. ఈసారి చూలాలు వేరొకరు, పక్కింటి కోడలు. ఆమె దోసిలి ముంచకముందే సాంబయ్య తెల్లనూలు ముంచి తీసి ఎండకు పట్టుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్లందరూ కలిసి పేర్లు మొదలుపెట్టారు. లచ్చవ్వ, పోసవ్వ, పెద్ద ఎల్లవ్వ. నీటిచుక్కలు నూలు చివర నుంచి రాలుతున్నాయి. రాజవ్వ. ఐలవ్వ. ఆమె తర్వాత చెలిమె తీసినవాళ్లు. చివరన, తాగకుండానే వరసలో చేరిన పేరు, శంకరవ్వ.

నూలు తెల్లగా ఉంది.

దేవదాసు ఒక అడుగు ముందుకు వేశాడు. కోడలు పిల్ల వంగి, చేతులు నీటి మీద పెట్టి, సాంబయ్య వైపు చూసింది. ఊరంతా అతని వైపే చూసింది.

సాంబయ్య నూలు దించలేదు. నీలి చేతుల మధ్య ఆ తెలుపు నుంచి కళ్లు తిప్పలేదు.

"ఇంకొక్కపారి," అన్నాడు. "మొదటి నుంచి చెప్పుండ్రి."